ఏడో నంబరు కదల్లేదు

అప్పట్లో గాలి వీచే రాత్రుల్లో ఆ సబ్‌స్టేషను గేటు ముందునుంచి ఎవరూ నడిచేవారు కాదు. మైలు దూరం ఎక్కువైనా సరే, కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి పోయేవారు.

ఎందుకంటే... అక్కడ ఒక మనిషి పడుతూ ఉండేవాడు.

కనిపించేవాడు కాదు. చప్పుడు మాత్రమే. ధన్ — అని, నిండు బస్తాను భుజం మీంచి నేలకు వదిలేసినట్టు. కాసేపటికి మళ్లీ... ధన్. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు. గాలి హోరు, ట్రాన్స్‌ఫార్మర్ల రొద, అంతే.

సైకిలు మీద వస్తున్న పాలాయన ఒకసారి ఆ చప్పుడు విని, క్యాన్లతో సహా సైకిలు అక్కడే పడేసి పరిగెత్తాడు. తెల్లారి వెళ్లి చూస్తే పాలు విరిగి ఉన్నాయి. "పాలు విరగడానికి దెయ్యం దాకా ఎందుకయ్యా, వేడి చాలదూ?" అని మేమంతా నవ్వాం. నవ్విన వాళ్లలో ఒక్కరం కూడా ఆ తర్వాత చీకటి పడ్డాక ఆ దారిన పోలేదు.

ఇది నాకు చెప్పింది ఆ గేటు కాపలాదారు. ఆయన మనవరాలు మా బళ్లో చదువుతుంది. బడి వదిలేదాకా వరండాలో కూర్చుంటాడు. మూడు సాయంత్రాలు కొంచెం కొంచెంగా చెప్పాడు. విన్నది విన్నట్టే చెబుతాను. మధ్యలో అర్థం కానిది వస్తే ఆగి విడమరుస్తాను. అది నా అలవాటు, ఓపిక పట్టండి.

పడిపోయిన మనిషి లైన్‌మాను. అందరూ 'రెండుసార్లు' అని పిలిచేవాళ్లు. ఏదైనా సరే రెండుసార్లు అడిగితే గానీ ఆయనకు నమ్మకం కుదరదు. "లైను ఆపారా?" అని అడుగుతాడు. "ఆపాం" అంటారు. "మళ్లీ చెప్పు, ఆపారా?" అంటాడు. తోటివాళ్లు టీ కొట్టు దగ్గర ఏడిపించేవాళ్లు — "రెండుసార్లన్నా, టీలో పంచదార వేశాడు. వేశాడా? మళ్లీ చెప్పు, వేశాడా?" అని. ఆయనా నవ్వేవాడు. నవ్వుతూనే ఇంకోసారి అడిగేవాడు.

ఆయన భార్య చెప్పే మాట ఒకటుంది. "పెళ్లికి ముందు నన్ను కూడా రెండుసార్లే అడిగాడు. ఇష్టమేనా అన్నాడు. ఇష్టమే అన్నాను. మళ్లీ చెప్పు అన్నాడు. మూడోసారి అడిగితే లేచి వెళ్లిపోదామనుకున్నాను... అడగలేదు."

అలాంటి మనిషి ఒక గాలివాన సాయంత్రం స్తంభమెక్కి, కరెంటు తగిలి పడిపోయాడు. తీగలో మిగిలిన కరెంటు భూమిలోకి పోయేలా తగిలించాల్సిన రాడ్డు అప్పటికింకా చేతిలోనే ఉంది. ఎక్కే ముందు ఫోను చేసి రెండుసార్లు అడిగాడని తోడున్నవాడు చెప్పాడు; ఏ స్తంభం ఎక్కాడో మాత్రం ఆ వానలో తనకు ఆనలేదన్నాడు.

విచారణ కమిటీ ఏం రాసిందో తెలుసా? తప్పు స్తంభం ఎక్కాడని.

ఇక్కడ కొంచెం ఆగాలి.

ఆ సబ్‌స్టేషను నుంచి ఊళ్లకు లైన్లు పోతాయి. వాటిలో ఆరో లైనూ ఏడో లైనూ పక్కపక్కనే, జంట స్తంభాల మీద వెళ్తాయి. ఆరో లైనులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఏడోది దానికి తోడు. ఆరు పడిపోతేనే, అంటే దాంట్లో కరెంటు ఆగిపోతేనే, ఏడు తనంతట తాను అందుకుంటుంది. లేకపోతే ఖాళీగా ఉంటుంది.

ప్రతి లైనుకూ ఒక బ్రేకరు. అంటే ఇంట్లో స్విచ్చులాంటిదే, కాకపోతే మనిషంత ఎత్తు. దాన్ని కనిపెట్టుకుని ఉండే చిన్న పెట్టె పేరు రిలే. లైనుకు ఏదైనా తగిలితే, మనం కన్ను మూసి తెరిచేలోపు రిలే ఆ బ్రేకరును తెరిచేసి కరెంటు ఆపుతుంది. అలా ఆపేలోపు కూడా మనిషి పోవచ్చు... అది వేరే సంగతి.

ఒకప్పుడు ఆ రిలేలను చూసుకోవడానికి అక్కడ పగలూ రాత్రీ మనుషులుండేవారు. తర్వాత రిలేలన్నిటినీ ఒకే తీగకు వరసగా కట్టి, టౌనులో ఉన్న ఒక స్క్రీనుకు కలిపేశారు. ఆ పద్ధతి నేను క్లాసులో హాజరు పిలిచినట్టే ఉంటుంది. స్క్రీను నంబర్ల వారీగా పిలుస్తుంది. ఏ నంబరును పిలిస్తే ఆ రిలే మాత్రమే పలకాలి. పిలవనిదే ఎవరూ నోరు తెరవకూడదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా తెలియదు కదా. "ఏడూ?" అంటే, "ఉన్నాను, కొత్త సంగతేమీ లేదు" అంటుంది ఏడు. ఏదైనా జరిగి ఉంటే అప్పుడు చెబుతుంది. చెప్పకపోతే, ముందు ఏది చెప్పిందో స్క్రీను మీద అదే ఉంటుంది.

మనుషుల్ని తీసేశారు. గేటు దగ్గర ఈ కాపలా తాత ఒక్కడే మిగిలాడు.

ఆ సాయంత్రం ఏడో లైను స్తంభం మీద విరిగిన కొమ్మ వేలాడుతోందని కబురొచ్చింది. లైన్‌మాను టౌనుకు ఫోను చేశాడు. ఏడు తెరిచే ఉందా? స్క్రీను చూసి, "తెరిచే ఉంది" అన్నారు. మళ్లీ చెప్పండి? "తెరిచే ఉందయ్యా బాబూ."

టౌను స్క్రీను అచ్చేసిన కాగితంలో ఆ సాయంత్రమంతా ఏడో నంబరు కదలనేలేదు. మనిషి పడ్డాక ఏడో బ్రేకరును చూస్తే, నిజంగానే తెరిచి ఉంది. కాబట్టి ఏడో లైనులో కరెంటు లేదు. కాబట్టి ఆయన ఎక్కింది ఆరో స్తంభం. ఆ గాలివానలో ఆరో లైను నాలుగుసార్లు పడింది, అందులో ఒకటి ఈయన తగిలి పడినదే... అలా రాసి, ఫైలు మూసేశారు.

కమిటీ వాళ్లు ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆయన భార్య ఒక్క మాటే అందట.

"నేను పొయ్యి కట్టేశానో లేదో రాత్రి రెండుసార్లు లేచి చూసే మనిషి. ఆయన స్తంభం తప్పెక్కాడా?"



ఇక ఆ మనిషికి ఒక చెల్లెలు. ఆ రిలేలను పరీక్ష చేసేది ఆమే. ఆ పని చేసే నలుగురిలో ఆమె ఒకతె, నంబరు మూడు. ఆ పని నేర్చుకోమని పోరు పెట్టిందీ, ఫీజు కట్టడానికి బండి అమ్ముకున్నదీ అన్నే.

ఈ పరీక్షలో ఒక పద్ధతుంది. పరీక్షలో రిలేకు దొంగ కరెంటు పంపి, "ఏదో తగిలింది" అని నమ్మించాలి. అది నమ్మి టౌనుకు చెబితే అక్కడ గంటలు మోగి గోల అయిపోతుంది. అందుకని ముందుగా దాని నోరు కట్టేస్తారు. బ్లాకు వేయడం అంటారు. బ్లాకులో ఉన్నంతసేపూ, టౌను ఎన్నిసార్లు పిలిచినా, "ఉన్నాను, కొత్త సంగతేమీ లేదు" అనడం తప్ప ఇంకేమీ చెప్పదు. తన పని తాను చేస్తుంది, చూసింది లోపల రాసుకుంటుంది, బయటికి అనదు. పరీక్ష అయ్యాక బ్లాకు తీసేయాలి.

ఆ తీసేయడం మరిచిపోకుండా చెల్లెలికి అన్న ఒక అలవాటు నేర్పాడు. బ్లాకు వేయగానే చేతి గడియారం ఎడమ చేతినుంచి కుడి చేతికి మార్చుకోవాలి. తీశాకే మళ్లీ ఎడమకు. పరాయి చేతికున్న గడియారం ఊరుకోదు, గీరుకుంటూనే ఉంటుంది, గుర్తు చేస్తూనే ఉంటుంది. మిగతా టెస్టర్లు వేళాకోళం చేసేవాళ్లు. "మూడో నంబరమ్మకు ఇవాళ టైము కుడివైపు నడుస్తోందిరోయ్!" అని. ఎనిమిదేళ్లలో ఆమె ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

అన్న పోయాక ఆమెను ఆ సబ్‌స్టేషను ఛాయలకు రానివ్వలేదు. బంధువట... విచారణ పాడవుతుందట.

ఏడు నెలలు గడిచాయి. గాలుల కాలం తిరిగొచ్చింది. ఆ ధన్ మనే చప్పుడు మొదలయింది అప్పుడే.

తాత మొదటిసారి విన్నప్పుడు టార్చి వేసుకుని యార్డు దాకా వెళ్లాడు. ఎవరూ లేరు. టౌనుకు ఫోను చేశాడు.

"బాబూ, ఇక్కడేదో పడింది. ఏడో నంబరు వైపు. మీకేమైనా కనిపించిందా?"

"ఏడో నంబరు కదల్లేదు తాతా."

"చప్పుడు విన్నాను నాయనా..."

"నువ్వు పడ్డావేమో చూసుకో ముందు." అవతల నవ్వులు.

మర్నాడూ గాలే. మర్నాడూ ధన్. రెండుసార్లు. ఏడో నంబరు కదల్లేదు.

అప్పుడు తాతకు అర్థమైంది... అర్థమైందనుకున్నాడు. బతికుండగా రెండుసార్లు అడిగిన మనిషి, చచ్చాక రెండుసార్లు పడుతున్నాడు. టీ కొట్టు దగ్గర ఆ మాటే చెప్పాడు. వారం తిరక్కుండా నాలుగూళ్లకూ పాకింది.

పాకి పాకి చెల్లెలి చెవిన పడింది.

ఆమె భయపడలేదట. ఒక నీరెండ మధ్యాహ్నం గేటు బయటే నిలబడి, తాతను గుచ్చి గుచ్చి అడిగింది.

"రెండు చప్పుళ్లూ ఒకేలా ఉంటాయా తాతా?"

"లేదమ్మా. మొదటిది బరువుగా. రెండోది కొంచెం పొడిగా... తెంపేసినట్టు."

"ఆ టైములో ఊళ్లో కరెంటు పోతుందా?"

"రెప్పపాటు పోయి వస్తుంది, దీపం ఇలా కొట్టుకుంటుందే, అలా."

ఆమె గేటు కడ్డీ గట్టిగా పట్టుకుంది. తర్వాత మెల్లిగా అంది.

"అది అన్నయ్య కాదు తాతా. బ్రేకరు. ఆరు పడినప్పుడల్లా ఏడు అందుకుంటోంది. మొదటి చప్పుడు మూసుకున్నది, రెండోది తెరుచుకున్నది. అది నిజంగా కదులుతోంది... టౌనుకు చెప్పడం లేదు."

"చెప్పకపోవడమేమిటమ్మా? దానికేం రోగం?"

"ఎవరో బ్లాకు వేసి మరిచిపోయారు. ఆ సాయంత్రం కూడా ఏడు కదిలింది తాతా. దాంట్లో కరెంటు ఉంది. అన్నయ్య అడిగాడు, స్క్రీను లేదంది. అన్నయ్య ఎక్కింది సరైన స్తంభమే!"

తాత గేటుకు ఇంకా దగ్గరగా జరిగాడు.

"ఎవరు మరిచిపోయారో కూడా లోపల రాసి ఉంటుంది. ఏ రోజు, ఏ నంబరు మనిషి... మాలో ఒకడున్నాడు, హడావిడి మనిషి, చెప్పు ఒకటి వేసుకుని రెండోది మరిచే రకం. వాడే అయ్యుంటాడు. ఎవడైనా సరే — తేలనీ తాతా. వాణ్ణి తీసుకెళ్లి మా వదిన ముందు నిలబెడతాను."

అయితే ఒక చిక్కుంది. రిలేలో పట్టేది రెండువందల యాభై వరసలే. కొత్తది ఒకటి వస్తే అడుగున ఉన్న పాతది ఒకటి చెరిగిపోతుంది. గాలి వీచిన ప్రతి రాత్రీ, ఆ చప్పుడు అయినప్పుడల్లా, పైన కొన్ని వరసలు చేరుతున్నాయి... అడుగున ఆమె అన్న చచ్చిపోయిన సాయంత్రం, ఒక్కో వరసగా, చెరిగిపోతోంది.

పగలు ఆఫీసు వాళ్లుంటారు. ఆమెను రానివ్వరు. రాత్రే రావాలి.

వచ్చింది. ఆ రాత్రి గాలి ఎంతలా వీచిందంటే, గేటు తాళం దానంతటదే గొలుసుకు కొట్టుకుంటోంది. తాత దగ్గర కంట్రోలు రూము మారు తాళంచెవి ఉంది. ఉద్యోగం పోతుందని తెలుసు. తీశాడు.

లోపల చీకటి. దుమ్ము వాసన, బ్యాటరీల పుల్లటి వాసన. వరసగా ఇనప బీరువాల్లాంటి ప్యానెళ్లు. ఒక్కోదాని మీద చిన్న ఆకుపచ్చ దీపం. ఏడోదాని మీద కూడా... ఆకుపచ్చే. ఏమీ ఎరగనట్టు.

ఆమె నేలమీద చతికిలబడి, లాప్‌టాప్ తెరిచి, రిలే ముందున్న రంధ్రానికి కేబులు గుచ్చింది. తాత టార్చి పట్టుకున్నాడు. ఆయనకు చదువు రాదు. వెలుగు మాత్రం పట్టగలడు.

వరసలు రావడం మొదలయింది. కొత్తవి ముందు, పాతవి తర్వాత. నింపాదిగా. ఒక్కో వరసా దిగి, నిలబడి, మళ్లీ ఇంకోటి. ఆ పాత తీగల పద్ధతికి తొందర తెలియదు.

నిన్నటి రాత్రి. మొన్నటి రాత్రి. మూసుకుంది, తెరుచుకుంది. మూసుకుంది, తెరుచుకుంది.

"వస్తోందా అమ్మా?" గుసగుసగా అడిగాడు.

"ఇంకా..."

ధన్!

గోడ అదిరింది. తాత చేతిలో టార్చి జారిపోయింది. బ్రేకరు అని తెలుసు, ఆమె విడమరిచి చెప్పింది కూడా. అయినా, అంటాడు తాత, తెలిసిన చప్పుడు మరీ భయంగా ఉంది సార్, అని.

"టార్చి ఎత్తు తాతా! త్వరగా... అడుగున చెరిగిపోతాయి!"

నూట ఎనభై. రెండువందల పది. రెండువందల ముప్ఫై...

ఆమె వేలు స్క్రీను మీద ఆగింది.

ఆ తేదీ.

సాయంత్రం అయిదూ నలభైరెండు — ఆరో లైను పడింది, ఏడు మూసుకుంది. అయిదూ యాభైతొమ్మిది — ఏడో లైనుకు ఏదో తగిలింది. క్షణంలో పదో వంతులోనే... ఏడు తెరుచుకుంది.

ఆ మధ్యలో పదిహేడు నిమిషాలు. ఆ పదిహేడు నిమిషాల్లోనే ఆయన ఫోను చేశాడు. రెండుసార్లు అడిగాడు.

చెల్లెలు లాప్‌టాప్ మీదకు వంగి ఏడ్చింది. "సరైన స్తంభమే తాతా... సరైన స్తంభమే ఎక్కాడు. వదినకు చెప్పాలి."

తాత కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఇంకా వరసలు దిగుతూనే ఉన్నాయి. ఇంకో ఏడెనిమిది మిగిలాయి. ఆ సాయంత్రానికి ముందటి, విశేషమేమీ లేని రోజులవి. చిట్టచివర, రెండువందల యాభయ్యోది.

అది వచ్చింది.

ఆమె ఏడుపు ఆగిపోయింది.

 వెలుగు ఆమె ముఖం మీద పడి ఉంది గానీ, ఆ ముఖంలో ఏమీ లేదని చెప్పాడు తాత. తర్వాత ఆమె తల తిప్పకుండానే అడిగింది.

"తాతా... అన్నయ్య పోవడానికి ముందు, నేనిక్కడ పరీక్షకు వచ్చాను కదా. అన్నయ్య కూడా వచ్చాడు ఆ మధ్యాహ్నం."

"వచ్చాడమ్మా. నువ్వు తినకుండా వచ్చావని క్యారియరు తెచ్చాడు. ఇద్దరూ బయట మెట్టు మీద కూర్చున్నారు. 'తిన్నావా? మళ్లీ చెప్పు, తిన్నావా?' అని ఒకటే గోల."

"నా గడియారం..."

"అవునవును. అయిదు నిమిషాలు వెనక నడుస్తోందని నిన్ను తిట్టాడుగా! నీ చేతినుంచి విప్పి, సరిచేసి, చిన్నపిల్లకు కట్టినట్టు తనే కట్టి మరీ వెళ్లాడు."

"ఏ చేతికి తాతా?"

తాత నవ్వుతూనే జవాబు చెప్పబోయాడు. చెప్పబోతూ... ఆగిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆయన కళ్ల ముందు మళ్లీ కనిపించింది. టార్చి వెలుగు మెల్లిగా దించి, ఆమె ఎడమ చేతి మీద వేశాడు.

గడియారం అక్కడే ఉంది.

స్క్రీను మీద చివరి వరస ఏమిటంటే — బ్లాకు వేశారు. వేసినది, పరీక్ష చేసే మనిషి నంబరు మూడు.

తీసిన వరస, ఎక్కడా లేదు.

ధన్.

ఈసారి ఇద్దరూ ఉలిక్కిపడలేదు. రిలేలో పైన కొత్త వరసలు చేరాయి. అడుగున ఆమె నంబరు ఉన్న వరస చెరిగిపోయింది. ఆ చప్పుడు రెండు నిమిషాల ముందు అయ్యుంటే, ఆమె కంట పడేదే కాదు.

తాత గొంతు తగ్గించి అన్నాడట, "పోయింది కదమ్మా. అదింక పెట్టెలో లేదు. నాకా, చదువు రాదు..."

"రెండుసార్లు అడిగాడు తాతా." ఆమె గొంతు ఎక్కడో అడుగునుంచి వస్తోంది. "రెండుసార్లూ తెరిచే ఉందని స్క్రీను చేత చెప్పించింది నేనే."

ఆ తర్వాత ఆమె ఒక పని చేసింది. లాప్‌టాప్ వైపు చెయ్యి చాపి, ఆగింది. బ్లాకు ఉంటేనే తన తప్పుకు సాక్ష్యం. అది తీసేస్తే, ఏడో నంబరు మామూలుగా మాట్లాడుతుంది, సాక్ష్యం ఉండదు. తీయకపోతే... రేపు ఇంకెవరో ఫోను చేస్తారు. తెరిచే ఉందా? తెరిచే ఉంది. ఇంకెవరో ఎక్కుతారు.

తీసేసింది.

అరనిమిషంలో గేటు గదిలో ఫోను మోగింది. "తాతా! తాతా, ఏడో నంబరు కదిలింది! స్క్రీను మీద ఎర్రగా వచ్చింది! అక్కడేమైనా అయిందా?"

"ఏమీ కాలేదు బాబూ," అన్నాడు తాత. "ఎప్పుడూ కదులుతూనే ఉంది."

ఆమె మర్నాడే ఆఫీసుకెళ్లి అంతా రాసిచ్చింది. అన్న సంగతీ, తన సంగతీ, గడియారం సంగతితో సహా. ఏడో రిలేలో కొత్త వరసలు చేరకుండా తీసి పక్కన పెట్టండి, అందులో అన్నయ్య సాయంత్రం ఇంకా ఉంది, అని కాళ్లావేళ్లా పడింది. చూస్తామన్నారు. చూడడానికి వచ్చేసరికి పద్దెనిమిది రోజులు. ఈలోగా గాలి ఒక్క రాత్రి కూడా ఆగలేదు. పెట్టె తెరిచి చూస్తే, ఆ తేదీ లేదు. మూడో నంబరూ లేదు.

ఆ రాత్రి లాప్‌టాప్‌లోకి దిగిన వరసలను అచ్చు తీసిన కాగితాలు చూపించింది.

"ఇలాంటివి ఎవరైనా టైపు చేయొచ్చమ్మా," అన్నాడొకాయన.

"నువ్వెళ్లి ఏదో కదిపాకే కదా అది స్క్రీను మీద కదలడం మొదలుపెట్టింది?" అన్నాడు ఇంకొకాయన.

తాత ముందుకొచ్చి, చప్పుళ్లు నేను విన్నానండీ, అన్నాడు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నువ్వేగా, దెయ్యం పడుతోందని నాలుగూళ్లు చాటింది?"

ఇది చెబుతున్నప్పుడు తాత మా వరండా స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఏం విన్నానో అదొక్కటే చెప్పి ఊరుకోవలసింది సార్. చప్పుడైంది, ఇన్ని గంటలకు, ఇటువైపునుంచి... అంతే చెప్పాల్సింది. నేనే దాన్ని దెయ్యం చేశాను. దెయ్యం మాట ఎవరు వింటారు?"

కమిటీలో పెద్దాయన ఒకరు మంచివాడు. ఆమెను పక్కకు పిలిచి, తల మీద చెయ్యి వేసి చెప్పాడట. "నీ బాధ నాకు తెలుసు తల్లీ. అన్న మీద మాట పోవాలని, ఆ తప్పు నువ్వు నెత్తిన వేసుకుంటున్నావు. ఇలాంటి చెల్లెలు ఎంతమందికి ఉంటుంది? ఇంటికెళ్లు."

మెచ్చుకుని పంపించేశారు!

వదిన దగ్గరికి వెళ్లింది. తాత కూడా వెళ్లాడు, తోడుగా. చెల్లెలు గడప దాటకుండానే, నిలబడే, మొత్తం చెప్పింది.

వదిన అంతా విన్నది. విని, లేచి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నన్ను ఓదార్చడానికి ఇంత అబద్ధం ఆడాలా పిచ్చిదానా? ఆయన నీకు గడియారం కట్టి... ఆయన చేతులతోనే... ఛ, అలాంటి మాట నోటితో అనకు." నిట్టూర్చింది. "ఇన్నాళ్లూ మొండికేశాను గానీ... నిన్నింత ఏడిపించాక నాకెందుకీ పంతం? పోనీలే. ఆయనే పొరబడి ఉంటాడు. మనిషే కదా."

"నిజం వదినా."

"సరేలే."

"నిజం వదినా."

రెండుసార్లు చెప్పింది. వదిన ఆమె తల నిమిరి, లోపలికెళ్లి పొయ్యి వెలిగించింది.

ఇప్పుడా సబ్‌స్టేషనులో దెయ్యం లేదు. గాలి రాత్రి చప్పుడైతే, తాత ఫోను ఎత్తేలోపే టౌనువాళ్లే ఫోను చేసి చెబుతారు — ఏడు మూసుకుంది తాతా, ఏడు తెరుచుకుంది తాతా, అని. పాలాయన మళ్లీ ఆ దారిన పోతున్నాడు.

ఈ మధ్య చెల్లెలు ఏటా చేసే పరీక్షకు వచ్చింది. పని ముగించింది. బ్లాకు తీసి, టౌనుకు ఫోను చేసి, తీశాను, కనిపిస్తోందా, మళ్లీ చెప్పండి, కనిపిస్తోందా, అని అడిగింది. అన్నీ సర్దుకుని బయటి మెట్టు మీద కూర్చుంది.

తాత చూశాడు. గడియారం ఇంకా కుడి చేతికే ఉంది.

"బ్లాకు తీశావు కదమ్మా?"

"తీశాను తాతా."

"మరి గడియారం?"

"దీన్ని ఎడమ చేతికి కట్టింది అన్నయ్య కదా తాతా." చాలా మామూలుగా అంది. "అన్నయ్య వచ్చి మార్చనీ."

 సాయంకాలం. ఆకు కూడా కదలడం లేదు. యార్డులో దీపాలు ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. ఆరో లైను నిలకడగా ఉంది.

ధన్.

ఒక్కటే. బరువుగా... నిండు బస్తా నేలకు వదిలినట్టు.

తాత ఫోను కోసం గేటు గదివైపు తిరిగాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"అడగొద్దు తాతా," అంది. "అడిగితే... కదల్లేదంటారు."